డిఫరెన్షియల్ బుష్ మార్చే చేతులు

వెనక చక్రాలతో నడిచే చాలా కార్లలో డిఫరెన్షియల్‌ను ఫ్రేముకు అదురు లేకుండా పట్టి ఉంచేవి గుప్పెడంత రబ్బరు బుష్‌లు. అవి చిట్లితే యాక్సిలరేటర్ తొక్కి వదిలినప్పుడల్లా వెనక సీటు కింద 'ఠంగు'మంటుంది. ఇంటి దగ్గరే వాటిని మార్చేవారి ఓర్పు చూసితీరాలి. కారును స్టాండ్ల మీద నిలిపి, డిఫరెన్షియల్ కింద జాకీ ఆనించి, బోల్టు విప్పుతారు. అసలు పనితనం ఆ తర్వాతే. రబ్బరును డ్రిల్లుతో తొలిచి, మిగిలిన ఇనుప తొడుగును హాక్సా బ్లేడుతో లోపలి నుంచి కోస్తారు. తొడుగు తెగాలి, అది కూర్చున్న గూటికి గాటు పడకూడదు. బ్లేడు చప్పుడు మారగానే చెయ్యి దానంతటదే ఆగుతుంది. రాత్రంతా ఫ్రీజర్‌లో ఉన్న కొత్త బుష్ వెంట్రుకవాసి కుంచించుకుపోతుంది. దాన్ని ముందే గీసుకున్న గుర్తుకు సరిపెట్టి, మరల కడ్డీ, మందపాటి వాషర్లు, నట్టుతో పావు చుట్టు చొప్పున లోపలికి లాగుతారు. బోల్టు బిగించి బండి కదిలిస్తే వెనక సీట్లో పిల్లల నిద్ర చెదరదు.