ఒకే కుండ, రెండు గ్లాసులు

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఎండలో పనికెళ్లే ఇంట ముందు రోజు రాత్రే చోడిపిండి నీళ్లలో కలిపి మూత పెడతారు. తెల్లారేసరికి పైన చిన్న బుడగలు లేచి, పుల్లటి వాసన ముక్కుకి తగులుతుంది. ఎసట్లో నూకలు మెత్తగా ఉడికాక ఈ పులిసిన పిండిని పోస్తూ గరిటె తిప్పుతూనే ఉండాలి. చెయ్యి ఆగిందంటే ఉండ కట్టేస్తుంది. చల్లారాక ఉప్పు, మజ్జిగ. సత్తు కేరేజీలో పోసి, ఒక ఉల్లిపాయ, రెండు పచ్చిమిరపకాయలు కొంగున కట్టుకుని ఎండెక్కకముందే చెరువు పనికి బయల్దేరతారు. మిగతా జిల్లాల వాళ్లు రాగులంటారు గానీ, చోడి అనకపోతే ఇక్కడ ఆ అంబలికి రుచి రాదు.

ఉపాధి పని దగ్గర ఎండ ముదిరే వేళకి వినబడే పలకరింపు ‘అంబలి తాగినావేటి?’ ఆ మాటలో వైద్యం ఉంది. చెమటతో నీళ్లొక్కటే పోవు, ఉప్పు కూడా పోతుంది. పేగుల్లో ఉప్పు ఒంటికి బాగా పట్టాలంటే గ్లూకోజు తోడు కావాలి. ఓఆర్‌ఎస్ కిటుకు అదే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా విరుచుకుపడితే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు, గ్లూకోజు నీళ్లతోనే వేలమందిని కాపాడారు. అంబలిలో గ్లూకోజు పని పిండి చేస్తుంది. అలాగని విరేచనాలు పట్టుకున్నప్పుడు అంబలితో సరిపెట్టకూడదు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపాలి. చెంచా చిన్నదే, తలగొట్టి కొలవాలి. ఉప్పు చెయ్యి జారితే మేలు కాస్తా కీడవుతుంది.

తీరం ఎండ వేరు. వాతావరణ శాఖ మైదానాల్లో 40 డిగ్రీలు చేరితే గానీ వడగాలుల మాట ఎత్తదు. సముద్రం ఒడ్డున 37 చేరి, మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు పెరిగితే చాలు. కళింగపట్నం, బారువ వైపు గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుంది, ఆరదు. ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. సాలూరు వైపు పొడి ఎండలో నిప్పుల కుంపటి పక్కన కూర్చున్నట్టుంటే, ఇక్కడ ఆవిరి కుడుముల గిన్నెలో కూర్చున్నట్టుంటుంది.

అంబలి తాగాంగదా, ఏటవుతాదిలే అనుకోవడం దగ్గరే పొరపాటు. కడుపునిండా తాగిన మనిషికీ వడదెబ్బ తగులుతుంది. పని చేస్తున్న ఒంట్లో పుట్టే వేడి బయటికి పోవాలంటే నీడ కావాలి, విరామం కావాలి. మనిషి తూలుతూ, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతున్నాడంటే ఒంటి వేడి 40 దాటి ఉండొచ్చు. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా చేతులు కట్టుకు నిలబడకూడదు. నీడకి చేర్చి, ఒంటి నిండా నీళ్లు పోస్తూ విసరాలి. మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టాలి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం బిళ్ల ఈ వేడిని దించదు. 2015 మే ఎండలకి దేశంలో 2 వేలమందికి పైగా పోతే, అందులో ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాల వాళ్లే.

ఆ తర్వాత హెచ్చరికలు పెరిగాయి. ఏ మండలంలో వడగాలులో, ఎక్కడ పిడుగులు పడొచ్చో రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ముందే చెబుతోంది. ఎండ హెచ్చరిక కింద ఉండే సలహా అందరికీ ఒకటే: నీళ్లు బాగా తాగండి, మజ్జిగ, కొబ్బరినీళ్లు, ఓఆర్‌ఎస్ తీసుకోండి.

మంచి సలహానే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మాత్రం ప్రతి గడపకీ పనికిరాదు.

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు చుట్టుపక్కల ఏళ్లుగా కిడ్నీ జబ్బు ఊళ్లని తినేస్తోంది. డాక్టర్ టి. రవిరాజు బృందం 2019లో ప్రచురించిన సర్వేలో పరీక్షించిన పెద్దవాళ్లలో సుమారు 18 శాతం మందికి జబ్బు బయటపడింది. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. మంచి తాగునీటి కోసం వంశధార నీటిని హిరమండలం నుంచి పైపుల్లో తెచ్చారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. మధ్య అమెరికా చెరకు కూలీల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది. అక్కడ ఎండలో విరామం లేని చాకిరీని ముఖ్యమైన అనుమానితుల్లో ఒకటిగా చూస్తున్నారు. నీళ్లు, నీడ, విరామం మూడూ కలిపి ఇస్తూ పని చేయిస్తున్న తోటలున్నాయి. ఉద్దానం జీడితోటల్లోనూ ఈ మూడూ అమలైతే బాగుంటుందని ఈ కాలమ్ రాసేవాడి ఆశ. నడుం నొప్పికి కొట్టులో కొని మింగే బిళ్ల సంగతీ చూడాలి. నీరు తగ్గిన ఒంట్లో అలాంటి మందులు చాలావరకు కిడ్నీ మీద దెబ్బ కొడతాయి.

జబ్బు ముదిరినవాళ్లకి వేసవి సలహా తలకిందులవుతుంది. కొబ్బరిచెట్ల మధ్య పుట్టి పెరిగిన మనిషికి కొబ్బరినీళ్లే వద్దంటారు డాక్టర్లు. ఒక బొండాంలో అరటిపండు కంటే ఎక్కువ పొటాషియం ఉంటుంది. పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. చుట్టాలింటికెళ్తే ప్రేమగా కొట్టిచ్చే బొండాన్ని కాదనడం అతనికి మందు మింగడం కంటే కష్టం. ఓఆర్‌ఎస్‌లోనూ పొటాషియం ఉంటుంది. అంబలైనా ఎంత తాగొచ్చో డాక్టర్నే అడగాలి.

డయాలసిస్ మీదున్న మనిషి ఇంట్లో పొద్దున్నే కొలిచి నింపిన సీసా ఒకటి గూట్లో ఉంటుంది. టీ అయినా, మజ్జిగ అయినా, మాత్రతో మింగే గుక్కయినా ఆ లెక్కలోనే. కొడుకు పని నుంచొచ్చి కుండలో నీళ్లు ముంచుకుని రెండు పెద్ద గ్లాసులు గటగటా తాగేస్తాడు. తండ్రి చిన్న గ్లాసులో రెండు గుక్కలు పోసుకుని, ఒక గుక్క నోట్లోనే ఉంచుకుని, సీసాని వెలుగుకి పట్టి చూస్తాడు. టైము మూడయింది, సీసా సగానికి పైగా ఖాళీ అయింది. మూత బిగించి మళ్లీ గూట్లో పెట్టేస్తాడు.