కళాప్రదర్శన పరిష్కరణము

ఆంగ్లమున క్యురేటరనబడు వానికి తెలుగున సరియైన పేరింకను కుదురలేదు. లాటినుభాషలో శ్రద్ధ, సంరక్షణము అను నర్థముగల ధాతువునుండి పుట్టిన యీ పదము తొలుత వస్తుప్రదర్శనశాలల కావలి యధికారికి చెల్లినది. నేటి క్యురేటరు తాళపుచెవులవాడు మాత్రమే కాడు. జీవించియున్న కళాకారుల కృతులనేరి, యొకదాని చెంత నొకటి నిలిపి, పీఠిక వ్రాసి, చూపరిని వాని నడుమ నడిపించువాడు. ఈ విద్యకై అమెరికాలోని బార్డు కళాశాల 1990లో ప్రత్యేకకేంద్రమును స్థాపించినది. లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ 1992లో పాఠ్యక్రమము నేర్పరచినది. బరోడా విశ్వవిద్యాలయమున 1952 నుండి మ్యూజియాలజీ శాఖ కలదు. హైదరాబాదు విశ్వవిద్యాలయమున చిత్రలేఖన శిల్పములతోపాటు కళాచరిత్రయు బోధింపబడుచున్నది.

ఇది వట్టి పాశ్చాత్యవిద్య యని తెలుగు పండితులు తొలగిపోవలసిన పనిలేదు. గ్రంథపరిష్కర్త చేయుచు వచ్చినది ఈ పనియే. మానవల్లి రామకృష్ణకవి 1909లో కుమారసంభవమును వెలువరించి, నన్నెచోడుని నన్నయకు ముందు నిలిపినప్పుడు ఎంత వాదము చెలరేగెనో యెల్లరెరుగుదురు. ఆ కాలనిర్ణయమును పలువు రంగీకరింపలేదు. అయినను, కృతి నిలిచిన చోటు మారిన దానిని చదువు చూపే మారునని ఆ వాదము తేటపరచినది. వేటూరి ప్రభాకరశాస్త్రి చాటుపద్యములను కూర్చుటయు నట్టిదే. ఎవరి నోటనో, ఏ తాటాకుననో చెదరియున్న పద్యములు ఆ కూర్పువలన నొక సాహిత్యశాఖగా కంటికి గట్టినవి. కావున క్యురేటరును ప్రదర్శన పరిష్కర్త యనుట యుక్తము. సంరక్షకుడను మాట పనిలో సగమునే చెప్పును.

అయితే పోలిక యొకచోట తెగును. పద్యము తాటాకునుండి కాగితమునకు వచ్చినను పద్యమే. కళావస్తు వట్లు కాదు. అనంతపురపు కరవుసీమలో, బత్తలపల్లె పొరుగున నున్న ధర్మవర మండలమున నిమ్మలకుంట యను గ్రామము కలదు. అందలి తోలుబొమ్మల శిల్పులలో నొకరైన దళవాయి చలపతిరావునకు 2020లో పద్మశ్రీ లభించినది. మేకతోలును శుభ్రపరచి, వెలుగు చొచ్చునంతగా పలుచన చేసి, రంగులద్ది, సన్నని రంధ్రములు తొలిచి, కాలుసేతులు కదలునట్లు వదులుగా కూర్చెదరు. తెల్లని తెరకానించి వెనుకనుండి దీపము చూపినప్పుడే ఆ రంగు రంగగును. ఆ రంధ్రములు నగలగును. దానినే గోడకు తగిలించి, అద్దము బిగించి, ముందునుండి వెలుగు చల్లినచో మిగులునది తోలు. ఏండ్లకొలది చెడకుండ నుండుట నిజమే. సంరక్షణము జరిగినది, ప్రదర్శనము జరుగలేదు. నిమ్మలకుంటవారు అమ్మకమునకై చేయు దీపపు గలేబులే ఈ విషయమున మేలనిపించును: వానిలో దీపము వెనుకనే యున్నది!

లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పు చిత్రముల సంగతి వేరు. వానిని తరలింపరాదు, చూపరి మెడయెత్తుటయే యచ్చటి ప్రదర్శనవిధానము. ధర్మవరపు పట్టుచీర మడతలలో నొకటి, కట్టినప్పుడొకటి. ఇట్టి చిక్కులు మూడును ఈ సీమలోనే యుండగా, ఈ విద్య నభ్యసించు వారికి తెల్లగోడల గదియొక్కటే పాఠశాల యగుట వింతయే.

సమకాలీన మను మాటను సంకుచితముగా వాడుటయు నిట్టి దోషమే. 1989లో పారిసున జరిగిన భూమాంత్రికులను ప్రదర్శనమున సుమారు నూర్గురు కళాకారులలో సగము మంది పాశ్చాత్యేతరులు. వారిని సాటివారినిగా నిలుపుట సాహసమే. కాని వారి కృతులు పుట్టుచోటులనుండి విడివడినవని విమర్శకు లాక్షేపించిరి. పక్కపక్కన నుంచినంతమాత్రమున సమత కలుగదు. నిమ్మలకుంట శిల్పి నేడు బ్రతికి, నేటి రంగులతో, నేటి విద్యుద్దీపమునకై బొమ్మ చేయుచుండగా, ఆతని కృతి చేతిపనుల విభాగమునను, పట్టణ చిత్రకారుని పటము కళావిభాగమునను చేరుటకు కాలము కారణము కాజాలదు. ఆ విభజనమును నేర్పునట్టి పాఠ్యక్రమము మొదట దానినే పరీక్షింపవలెను.

వివరఫలకముల సంగతియు నిచ్చట చెప్పదగినదే. తోలుబొమ్మ క్రింద తరచుగా కానవచ్చునది పదార్థము, జిల్లా, చేసినవాని పేరుండదు. కవిపేరు తెలిసియు దానిని విడిచి కావ్యము నచ్చొత్తించిన పరిష్కర్తను ఏ పరిషత్తును క్షమింపదు. ఆ జిల్లాపేరును నిలకడైనది కాదు: అనంతపురమని యున్న పాత ఫలకములను దిద్దవలసియే యున్నది, 2022 ఏప్రిలు నుండి నిమ్మలకుంట, బత్తలపల్లె, లేపాక్షి మూడును శ్రీసత్యసాయి జిల్లాలోనివి.