సగం గ్లాసు

బల్ల ఆదివారం ముందు రోజు రాత్రి మా నౌపడ ఇంట్లో ద్రాక్ష వాసన. నల్ల ద్రాక్ష దొరకని కాలంలో ఎండుద్రాక్ష నానబెడతాను. ఉడికించి, చేత్తో పిసికి, పలచటి గుడ్డలో వడగట్టడం అమ్మ దగ్గర చూసి నేర్చుకున్న పని. అమ్మ పోయాక ప్రభురాత్రి భోజనపు పళ్ళెం నా చేతికొచ్చింది. పళ్ళెం నిండా బుల్లి గ్లాసులు. ఒక్కోదానిలో రెండు చెంచాల రసం పడితే గొప్ప. ఒలక్కుండా పోయగలనని లోపల కాస్త గర్వం కూడా ఉండేది.

ఈస్టర్ నాడు తెల్లారకుండానే సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి, ప్రార్థన చేసుకుని గుడికొస్తాం. ఎండ ముదిరేలోగా వచ్చినవాళ్ళందరికీ కొబ్బరిబొండాలు కొట్టివ్వడం మా సేవ. అలా ఒక ఏడు మా చిన్నాన్న చేతిలోనూ బొండాం పెట్టాను. ఆయన దాన్ని తిప్పి చూసి పక్కవాడికిచ్చేశాడు.

ఎండాకాలమంతా మడుల్లో ఉప్పు లాగిన మనిషి. ఉద్దానంలో కొబ్బరిచెట్ల కింద పెరిగిన మనిషి. ఇప్పుడు కిడ్నీలు పాడై కూరలో ఉప్పు తగ్గించాలి, పొటాషియం ఎక్కువని బొండాం ముట్టకూడదు, నీళ్ళు కొలుచుకుని తాగాలి. ఉద్దానంలో ఇన్ని ఇళ్ళకి ఈ జబ్బు ఎందుకొచ్చిందో ఇదమిత్థంగా ఇంకా తేలలేదు. ఆ రోజు బల్ల దగ్గర గ్లాసు అందుకుంటూ నెమ్మదిగా అడిగాడు: "అమ్మీ, ఇదీ లెక్కలోకొస్తాదేటి?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

నాకు తెలిసిన సేవంతా ఇంకొంచెం వడ్డించడమే. వద్దన్నా వెయ్యడమే మర్యాదనుకునే ఇల్లు మాది. చిన్నాన్నకి కావలసింది తక్కువ పెట్టడం తెలిసిన మనిషి. కూరగాయలు ముక్కలు కోసి, ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబొయ్యాలి. రుచి పోతుంది నిజమే, పొటాషియమూ కొంత పోతుంది. అది నేర్చుకోవడానికి నాకు ద్రాక్షరసం నేర్చుకున్నంత కాలం పట్టింది.

యోహాను సువార్తలో యేసు చివరి రాత్రి రొట్టె విరిచి పంచిన ముచ్చట లేదు. ఆ చోట నీళ్ళ పళ్ళెం, తువ్వాలు, శిష్యుల కాళ్ళూ ఉన్నాయి. క్రీ.శ. 155 ప్రాంతంలో రోములో జస్టిన్ అనే క్రైస్తవుడు రాసినదాన్ని బట్టి, ఆదివారం రొట్టె పంచాక, రాలేనివాళ్ళ వాటాని పరిచారకులు ఇళ్ళకి మోసుకెళ్ళేవారు. అదే కూడికలో పోగైన చందా అనాథలకీ విధవలకీ రోగులకీ వెళ్ళేది. బల్ల గుడి గుమ్మం దగ్గర ఆగేది కాదన్నమాట.

మాకు ఇంకా దగ్గరి కథ సోంపేటది. అక్కడి ఆరోగ్యవరం ఆసుపత్రిలో కంటి ఆపరేషన్లు చేసిన కెనడా బాప్టిస్టు డాక్టరు బెన్ గలిసన్, 1963లో కాల్గరీ వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్‌కి ఇక్కడి సంగతి చెప్పాడు. ఒక మనిషికి చూపు తెప్పించడానికి 25 డాలర్లు. ఆ లెక్క పట్టుకునే ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ మొదలైంది. లోకంలోని చీకటి గురించి ఉపన్యాసమిస్తే జెంకిన్స్ జేబులోంచి అంత తేలిగ్గా డబ్బు తీసేవాడని నేననుకోను.

మొన్న ఈస్టర్‌కి పళ్ళెంలో ఒక గ్లాసు సగమే నింపాను. వరసలో ఎక్కడుంచితే అది చిన్నాన్న చేతికొస్తుందో లెక్క చూసుకున్నాను. మర్నాడు ఆయనతో టెక్కలి వెళ్ళాను. డయాలసిస్‌కి ముందు బరువు తూస్తారు. పెరిగిన ప్రతి కిలో, ఒంట్లో చేరిన లీటరు నీరు. కాటా దిగి నావైపు తిరిగాడు.

"కిలోన్నరేనే. నీ సగం గ్లాసు చలవ."

లోపలికెళ్తే నాలుగు గంటలు. ఉప్పు తక్కువ కూర క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని బయట బెంచీ మీద కూచున్నాను.