సంగవిజయమా, సంఘవిజయమా?

శ్రీ ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారి “మాలపల్లి” నవలకు “సంగవిజయము” అను రెండవ పేరు కలదు. చదువరులలో పెక్కురు మొదటి పేరునే స్మరింతురు. మాకు రెండవ పేరే ఎక్కువ విచారింపదగినదిగా తోచుచున్నది. కథానాయకుడు సంగదాసు. వాని విజయము సంగవిజయము. చెవికి మాత్రము అది సంఘవిజయమువలె కూడ వినబడును. గ్రంథకర్త ఈ రెండర్థములను ఉద్దేశించియే ఆ పేరు పెట్టియుండునని ఊహించుట తప్పు కాదు. అయినను ఈ రెండు మాటలును ఒకటి కావు. “సంగ” శబ్దము సంజ ధాతువునుండి పుట్టి, అంటుకొనుట యను అర్థము నిచ్చును. గీతాకారుడు విడువవలెనని బోధించు సంగమిదియే. “సంఘ” శబ్దము హన ధాతువునుండి వచ్చినది. దెబ్బతిని గట్టిపడి ఒకటియైన సమూహమని దాని భావము. ఒకటి వ్యక్తిమీది మమకారము. రెండవది పలువురి దార్ఢ్యము. ఈ నవల ఏ విజయమును చిత్రించినదని ఈ వ్యాసమున పరీక్షింప దలచితిమి.

గ్రంథచరిత్రము లోకవిదితమే కనుక రెండు మాటలలో ముగింతుము. 1921 నాటి పల్నాటి అటవీ సత్యాగ్రహ సందర్భమున చెరసాలకు పోయిన పంతులుగారు 1922 లో వేలూరు జైలునందు ఈ నవలను వ్రాసిరి. ప్రభుత్వము దీనిని నిషేధించెను. 1937 లో చెన్నపురి రాజధానియందు కాంగ్రెసు మంత్రివర్గ మేర్పడిన పిమ్మటనే ఆ నిషేధము పూర్తిగా తొలగెను. కూలివారి కథను చూచి దొరతనము వారు జంకిరనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

నవలయందలి గుణములను ముందు చెప్పుట న్యాయము. పంతులుగారు అగ్రవర్ణమున జన్మించియు మాలవాడను బయటినుండి చూచి కన్నీరు కార్చి ఊరకుండలేదు. రామదాసు ఇంటిలోనికి మనలను తీసికొనిపోయిరి. ఆ ఇంట భక్తియు, తత్త్వవిచారమును, అతిథిమర్యాదయు కలవు. రామదాసు ఎవరివద్దను యాచింపడు. వాని జ్ఞానము ఎవరు పెట్టిన భిక్షయు కాదు. పల్లెలోని వారు పలుకు తెనుగునే పాత్రల నోట పలికించుట, ఆ కాలపు గ్రాంథికాభిమానుల నడుమ, చిన్న సాహసము కాదు. కూలి విషయమున వివాదము పుట్టినపుడు సంగదాసు తనవారిని ఒక్కటిగా నిలుపుటయు, రామదాసు ఇంటి భజనయందు పెరిగిన నడవడి వానికి తోడ్పడుటయు, ఆ కాలపు నవలలలో అపూర్వమైన చిత్రణము. నాయకత్వము గాలిలోనుండి పుట్టదు, ఇంటినుండియు వాడనుండియు పుట్టునని గ్రంథకర్త గ్రహించెను.

ఇక దోషము. చౌదరయ్య చేతి దెబ్బకు సంగదాసు మరణించును. అటుపిమ్మట వాని స్నేహితుడును చౌదరయ్య కుమారుడును నగు రామానాయుడు మొదలగువారి పూనికచే సంగదాసు పేర సంగపీఠము వెలయును. చనిపోయిన నాయకుడు పూజ్యుడగును, సంస్థ లేచును, కథ విజయాంతమగును. ఇందలి కరుణము చదువరి హృదయమును ద్రవింపజేయు ననుటకు సందేహము లేదు. కాని మేము అడుగు ప్రశ్న యొకటే: సంగదాసు పోయిన మరునాడు కూలి బేరమాడిన వాడెవడు? వానివెంట నిలిచిన కూలివారిలో రెండవవాడెవడు, మూడవవాడెవడు? చందా ఎవరివద్ద నుండెను, లెక్క ఎవరు వ్రాసిరి? మొదటి ప్రశ్నకు నవల చెప్పు సమాధానము పలుచన. తక్కిన ప్రశ్నలు దానికి ముఖ్యములే కావు. సంగదాసు జీవించియుండగా కూలివాండ్ర సొత్తైన కార్యము, వాడు మరణించినంతనే భూస్వామి కుమారుని సౌజన్యముచే నడచు ధర్మసంస్థగా మారినది. కనుక ఇది సంగవిజయమేకాని సంఘవిజయము కాలేదని మా అభిప్రాయము.

ఇట్టి విమర్శ పుస్తకజ్ఞానము మాత్రమే యని కొట్టివేయకుండుటకై, మన పల్లెలవలెనే పుట్టుకచే అవమానము ననుభవించిన మరియొక ప్రజ తన సంఘములను ఎట్లు నిలుపుకొన్నదో చూతము. అమెరికాలో పుల్మన్ కంపెనీవారి పడక రైలుబండ్లలో పోర్టర్లుగా పనిచేసినవారు దాదాపు అందరు నల్లజాతివారే. ప్రయాణికులు వారిని పేరుపెట్టి పిలువక, కంపెనీ యజమాని పేరగు “జార్జి” అనియే పిలిచెడివారు. యజమానుని పేరే బానిసకు పేరగు పూర్వపు ఆచారమునకు ఇది శేషము. మన గ్రామములలో తాతవయస్సు వానిని సైతము “ఒరే” యని పిలిచిన నోళ్లను ఎరిగినవారికి దీని బాధ వేరుగ వివరింప నక్కరలేదు. వారు 1925 ఆగస్టు 25 న న్యూయార్కునందు సంఘమును స్థాపించుకొని, ఏ. ఫిలిప్ రాండాల్ఫు అను ఆయనను నాయకునిగా కోరుకొనిరి. ఆయన పోర్టరు కాడు. కంపెనీ తన నౌకరు కానివానిని పనినుండి తొలగింపజాలదు కనుకనే వారు ఆయనను ఎన్నుకొనిరి. ఇచ్చట గమనింపదగినది కలదు. బయటినుండి వచ్చిన చదువరి నాయకుడాయెను. కాని ఆయనను పిలిచినవారు సభ్యులు, ఆయనకు పని నిర్ణయించినవారు సభ్యులు. రామానాయుడు తనంత తాను దయచేసి వచ్చెను. రాండాల్ఫు పిలువగా వచ్చెను. ఈ భేదమునందే అంతయు కలదు.

పండ్రెండేండ్లు వారు పోరాడిరి. పెక్కురు ఉద్యోగములు పోగొట్టుకొనిరి. 1937 లో కంపెనీ ఒడంబడికకు లోబడెను. నెలకు నాలుగువందల గంటల వరకు సాగిన పని 240 గంటలకు తగ్గెను. ఈ పండ్రెండేండ్లును సంఘము చావకుండుటకు కారణము రాండాల్ఫు వాగ్ధోరణి యొక్కటియే కాదు. చికాగోలో మిల్టన్ వెబ్‌స్టరు, ఓక్లండులో సి. ఎల్. డెల్లమ్సు వంటివారు ఊరూర శాఖలను నిలిపిరి. పోర్టర్ల భార్యలు తమ మహిళాశాఖలద్వారా నిధులు కూర్చిరి. మాంట్‌గోమరీ శాఖకు పెద్దయైన ఇ. డి. నిక్సను అను పోర్టరే, 1955 డిసెంబరు 1 న బస్సులో తన చోటు విడువనందుకు నిర్బంధింపబడిన రోజా పార్క్సును జామీనుపై విడిపించెను. అటుపిమ్మట ఆ ఊరి నల్లజాతి ప్రజలు 381 దినములు బస్సు లెక్కక నడచిరి. లోకము ఆ ఉద్యమమున మార్టిన్ లూథర్ కింగును చూచినది. కాని సభ నడపుటయు, చందా వసూలు చేయుటయు, అధికారితో తొణకక మాటలాడుటయు నిక్సను ముప్పదియేండ్ల వయస్సు మొదలు నేర్చినది రైలు పోర్టర్ల సంఘమునందే. సంఘము జీతము పెంచుటకు మాత్రమే కాక, వాడకు పెద్దలను తయారుచేయు పాఠశాలగా కూడ నుండెను.

నాయకుని మరణముగూర్చి చెప్పవలెనన్న మెంఫిస్ నగరపు పారిశుధ్య కార్మికుల చరిత్రము సంగదాసు కథకు ఎదురుగా నిలుపదగినది. 1968 ఫిబ్రవరి 1 న వర్షమునకు చెత్తలారీలో తలదాచుకొన్న ఇద్దరు కార్మికులు ఆ యంత్రముననే నలిగి చనిపోయిరి. ఫిబ్రవరి 12 న సుమారు 1,300 మంది పని మానిరి. వారి ముందు నడచిన టి. ఓ. జోన్సు తానును చెత్త నెత్తినవాడే. 1963 లో సంఘము పెట్టబోయినందుకు పని పోగొట్టుకొన్నవాడు. “నేను మనిషిని” అను పలకలను ధరించి వారు వీధుల నడచిరి. వారికి తోడుగా వచ్చిన కింగు ఏప్రిల్ 4 న హత్య కావింపబడెను. వారు ఏడ్చిరి, కాని పనిలోనికి పోలేదు. ఏప్రిల్ 16 న నగరపాలకులు సంఘమును గుర్తించి ఒడంబడిక చేసికొనిరి. మహానాయకుడు కూలినను సమ్మె కూలలేదు. ఏలయన అది ఆయనమీద నిలిచినది కాదు. సంఘవిజయ మనదగినది ఇది.

1922 నాటి నవలను తరువాతి చరిత్రతో తూచుట అన్యాయమని కొందరు మిత్రు లనవచ్చును. అట్లు కాదు. తెలుగుదేశమున 1917 నాటికే భాగ్యరెడ్డి వర్మగారు బెజవాడ సభకు అధ్యక్షులై, “పంచములు” అను ఇతరులిచ్చిన పేరును త్రోసి, “ఆది ఆంధ్రులు” అను పేరును తమవారికి తామే పెట్టుకొను నట్లు చేసిరి. హైదరాబాదులో 1906 నుండియే ఆయన సంఘము పనిచేయుచుండెను. “జార్జి” యని పిలిపించుకొన నొల్లని పోర్టరును, “నేను మనిషిని” అన్న మెంఫిస్ కార్మికుడును చేసిన పనినే బెజవాడ సభ అంతకు ముందే చేసినది. తమంత తామై లేచిన నాయకుల నమూనా గ్రంథకర్తకు దేశమునందే కలదు. అయినను సంగదాసు కార్యమును ముందునకు నడుపుటకు ఆయన భూస్వామి పుత్రునే ఎన్నుకొనెను. ఇది పంతులుగారి హృదయలోపము కాదు. సంస్కర్తల చేయి లేనిదే పల్లె లేవదను ఆనాటి సంస్కార పక్షమువారి విశ్వాసపు లోపము. ఈ పత్రికను చదువు మనమందరమును ఆ పక్షమునకు వారసులము కనుకనే దీనిని స్పష్టముగ చెప్పవలసివచ్చినది.

మరియొక విషయము. ఐకమత్యమన్నంత మాత్రాన లోపలి భేదములు మాయము కావు. అమెరికాలో తెల్లవారి సంఘములు పెక్కు నల్లజాతివారికి చాలకాలము తలుపులు మూసినవి. తెరచిన పిమ్మటను పెత్తనము ఈయలేదు. అందుచే 1972 లో చికాగోయందు వేయిమందికి పైగా నల్లజాతి కార్మికులు కూడి తమ కూటమి నొకదానిని స్థాపించుకొనిరి. మెంఫిస్ సమ్మెలో పనిచేసిన విలియం లూసీ దానికి ముఖ్యుడు. వారు తమతమ సంఘములను విడువక, వానిలోనేయుండి, వానిని న్యాయమునకు త్రిప్పుటకు యత్నించిరి. మన నవల పేరు మాలపల్లి. మన గ్రామములలో మాలపల్లి వేరు, మాదిగపల్లి వేరు; ఒకే పొలమున కోత కోసినవారు ఒకే బావిని వాడుకొనని కాలము నిన్నటిది. ఈ రెండు వాడలను కలుపు సంఘము ఎట్టిదై యుండవలెనను ప్రశ్న నవలకు కేంద్రము కాలేదు. కలుపుట యనగా బలహీనుని నోరు మూయించుట కాదు. వానికి పీట వేయుట.

పైయుదాహరణములు దూరదేశపువని తోచినచో, మాకు పొరుగుననున్న కోలారు బంగారు గనుల పట్టణమును చూడుడు. అచ్చటి పారిశుధ్య కార్మికుల కుటుంబమున 1966 లో జన్మించిన బెజవాడ విల్సనుగారు సఫాయి కర్మచారి ఆందోళనమును నడిపిరి. ఎస్. ఆర్. శంకరన్ గారివంటి ఉత్తమాధికారి అందు తోడుగా నిలిచిరి. ముందు నడచినది మాత్రము ఆ కులమువారే. మలమును మోసిన స్త్రీలే తమ తట్టలను తగులబెట్టిరి. వారు 2003 లో వేసిన వ్యాజ్యముమీద సుప్రీముకోర్టు 2014 మార్చి 27 న తీర్పు చెప్పి, మురుగుగుంటలలో మరణించినవారి కుటుంబములకు పదిలక్షల రూపాయల పరిహారమును విధించెను. రామానాయుడు ఉండవలసిన స్థానము శంకరన్ గారు చూపిరి: ముందు కాదు, ప్రక్కన.

ఇక మా ఉరవకొండ సీమనుండి ఈ నవలను చదువుటలో ఒక విశేషము కలదు. సంగదాసు నీరు పారు గుంటూరు సీమవాడు. అచ్చట కోతలు నిశ్చయము, కూలివాడు ఊరనే యుండును, కావున సమ్మె సాధ్యము. ఈ మెట్టసీమలో వాన తప్పిన వేరుసెనగ పోవును. వేరుసెనగ పోయిన కూలి పోవును. కూలి పోయిన సంసారము మూట కట్టుకొని బెంగుళూరు చేరును. సభ్యులే ఊరిలో లేని సంఘము నిలుచు టెట్లు? 2006 ఫిబ్రవరి 2 న దేశమునకెల్ల గ్రామీణ ఉపాధి హామీ పథకము మా జిల్లాలోని బండ్లపల్లెయందే ఆరంభమయ్యెను. ఆ పథకముక్రింద మన రాష్ట్రమున కూలివారు శ్రమశక్తి సంఘములుగా ఏర్పడిరి. తమలో నొకరు మేటుగా నుండి హాజరు వ్రాసిరి. చట్టములు మారును, పథకముల పేర్లు మారును. కాని తనవారి హాజరును తానే నిజాయితీగా వ్రాసి, తక్కువ పడిన కూలిని కార్యాలయమున నిలదీసి అడుగగల మేటు ఒకడు, లేక ఒకతె, ఊరికి దొరకినచో అది సంగపీఠముకంటె గొప్ప విజయము. అట్టివారు పదిమంది యున్నచో ఒకరు వలస పోయినను లెక్కపుస్తకము ఆగదు. మా సీమకు కావలసినది సంగదాసు విగ్రహము కాదు, సంగదాసు తరువాతివాడు.

కావున “మాలపల్లి”ని ఇండ్లయందును పాఠశాలలయందును తప్పక చదివింపవలెననియే మా ప్రార్థన. అది తెలుగున పుట్టిన గొప్ప నవలలలో నొకటి. రామదాసు ఇంటివంటి ఇంటిని మనకు చూపిన నవల మరి లేదు. కాని చదివించునపుడు సంగదాసు మరణఘట్టమునొద్ద పిల్లలను కన్నీటితో విడిచిపెట్టరాదు. “మరునాడు కూలి బేరమాడిన వాడెవడు?” అని వారిని అడుగవలెను. ఆ ప్రశ్నకు సమాధానముగ వ్రాయవలసిన అధ్యాయమును పంతులుగారు మనకు మిగిల్చిరి. దానిని వ్రాయవలసినవారు మాల మాదిగ వాడలనుండి ఇప్పటికే కలము పట్టి వచ్చియున్నారు. వారి గ్రంథములకు మన ఇండ్లలో చోటిచ్చుట, వారు పిలిచినపుడు పోయి ప్రక్కన నిలుచుట, పిలువనపుడు ముందునకు దూకకుండుట: సంస్కారప్రియులమగు మనకు నేడు మిగిలిన పని యిదియే.