సాల్జ్‌బర్గ్ శృతి, విజయనగరం కమాను

ఫిడేలుకు వీణలా మెట్లుండవు. స్వరం ఎక్కడుందో వేలే వెతుక్కోవాలి. పైగా నాలుగు తీగల్ని ఏ శృతికి బిగించుకోవాలన్నది కూడా ఒకప్పుడు వాయించేవాడి ఇష్టమే. యూరప్‌లో ఈ రెండో స్వేచ్ఛ రానురాను కరిగిపోయి, జి, డి, ఏ, ఇ అన్న నాలుగు స్వరాలు దాదాపు శాసనమయ్యాయి. మన కర్ణాటక సంగీతంలో మాత్రం ఆ స్వేచ్ఛ మీదే ఒక సంప్రదాయం నిలబడింది. దాన్ని శిఖరానికి చేర్చిన తెలుగువాడు ద్వారం వెంకటస్వామి నాయుడు. ఆయన గురించి చెప్పాలంటే ముందు సాల్జ్‌బర్గ్ దాకా వెళ్లి రావాలి.

హైన్రిష్ బీబర్ 1644లో బొహీమియాలో పుట్టాడు. ఫిడేలు వాయించడంలోనూ, దానికి సంగీతం రాయడంలోనూ అప్పటి యూరప్‌లో ఉద్దండుడు. 1670లో ఆయన యజమాని అయిన బిషప్, స్టైనర్ అనే పేరుమోసిన వాద్యాల తయారీదారు దగ్గర వాద్యాలు కొనుక్కురమ్మని పంపితే, మనిషి వెళ్లాడు గానీ తిరిగి రాలేదు. సాల్జ్‌బర్గ్‌లో ఆర్చిబిషప్ కొలువులో చేరిపోయాడు! 1684లో అక్కడి సంగీత బృందానికి అధిపతి అయ్యాడు; 1704లో అక్కడే కన్నుమూశాడు.

ఆయన పేరు నిలబెట్టినవి రోజరీ సొనాటాలు అనే ఫిడేలు రచనలు. మరియమాత, క్రీస్తుల జీవిత ఘట్టాల మీద 15 సొనాటాలు, చివర ఒంటరి ఫిడేలుకు పసకాలియా అనే మరో రచన. మొదటి సొనాటాకీ, చివరి పసకాలియాకీ మామూలు శృతే. మధ్యలోని 14 సొనాటాలకూ బిరడాలు తిప్పి తీగల్ని వేరే శృతికి మార్చుకోవాలి, అదీ ప్రతిసారీ వేరేలా. శృతి మారితే తీగ బిగువు మారుతుంది, నాదం మారుతుంది. ఒక ఘట్టంలో గొంతు నొక్కినట్టుండే ఫిడేలు మరో ఘట్టంలో గుండె విప్పి మోగుతుంది. చేతిరాతలో ఉండిపోయిన ఈ రచన 1905లో గానీ అచ్చుకాలేదు.

అన్నిటికన్నా విచిత్రం పదకొండో సొనాటా. అది క్రీస్తు పునరుత్థానం. ఇందులో నడిమి రెండు తీగల్ని ఒకదాని మీదుగా ఒకటి దాటించి సిలువ ఆకారం వచ్చేలా బిగిస్తారు. అప్పుడు ఫిడేలు మీద వరసగా పలికేవి జి, పై జి, డి, పై డి. మన లెక్కలో జి షడ్జం అనుకుంటే డి పంచమం. ఆ నాలుగింటినీ కింది స్థాయి నుంచి పైకి పేర్చి చూడండి: స, ప, స, ప. మన విద్వాంసులు రోజూ కచేరీకి ముందు చేసుకునే శృతి అచ్చంగా ఇదే! బీబర్‌కు మన సంగీతం తెలుసని కాదు, మనవాళ్లు బీబర్‌ను విన్నదీ లేదు. సిలువ కోసం ఆయన చేరిన చోటికే, రాగం కోసం మనవాళ్లు చేరారు.

ఈ శృతిలో ఉన్న లాభం తేలికగానే అర్థమవుతుంది. కింది జంట తీగల మీద వేళ్లు నడిచిన దారే పై జంట మీదా పనికొస్తుంది; స్థాయి ఒక్కటే మారుతుంది. తంబురా పలికే షడ్జ పంచమాలే వట్టి తీగల్లోనూ ఉండటంతో వాద్యమంతా దానితో కలిసి మోగుతుంది.

ఫిడేలు మనకు పరాయిదే కావచ్చు, కమాను కాదు. గోదావరి దాటి ఆదిలాబాద్ వైపు వెళితే, గోండుల వంశగాథలు పాడే పర్ధాన్‌ల చేతిలో కిక్రి కనబడుతుంది. కమానుతో వాయించే మూడు తీగల వాద్యం అది. ఇక ఫిడేలు సంగతికొస్తే, దొరల బ్యాండులో దాన్ని విని ముచ్చటపడి, ఒక యూరోపియన్ దగ్గర నేర్చుకుని, దాన్ని కర్ణాటక సంగీతానికి తెచ్చినవాడిగా ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1859) పేరు చెబుతారు.

బీబర్ కాలంలో ఫిడేలుకు గడ్డం ఆనించే చెక్క లేదు. ఎడమచేయి వాద్యాన్ని మోస్తూనే స్వరాలు పలికించాలి. 1820 ప్రాంతంలో జర్మన్ విద్వాంసుడు ష్పోర్ ఆ చెక్కను కనిపెట్టి చేతికి కాస్త విడుదల ఇచ్చాడు. మనవాళ్లు చెక్కను నమ్ముకోలేదు. నేల మీద బాసింపట్టు వేసుకుని, ఫిడేలు తలను కుడి పాదం మీద ఆనించారు. మోత కాలు చూసుకుంది, చేయి పూర్తిగా గమకానికి మిగిలింది. తోడి గాంధారాన్నే తీసుకోండి. వేలు ఒకచోట ఆగితే అది తోడి కాదు. రిషభం నుంచి మధ్యమం దాకా ఊగుతూ ఉండాలి. వేలికొక స్వరంగా నొక్కితే హార్మోనియం పలుకు వస్తుంది తప్ప రాగం రాదు. అందుకే వేలు తీగ మీద నుంచి లేవకుండా జారుతూ పోతుంది.

ఎడమచేయి ఇంత సాధించినా కమాను పట్టే కుడిచేయి వెనకబడే ఉండేది. గాయకుడి వెంట నడిచే పక్కవాద్యానికి అంతకుమించి అవసరమూ రాలేదు. ఆ లోటు తీర్చినవారు ద్వారం. 1893లో బెంగుళూరులో పుట్టి, విశాఖలో పెరిగారు. చిన్నప్పటి నుంచే చూపు మందం. తొలి గురువు అన్నగారు వెంకటకృష్ణయ్య. 1919లో విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరదామని వెళితే, ఏకంగా ఆచార్యుణ్ణి చేశారని చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసు తరువాత 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు.

పాశ్చాత్యుల కమాను పనితనాన్ని ఆయన శ్రద్ధగా గమనించారు. కానీ తెచ్చుకున్నది వాళ్ల బాణీని కాదు, నాద శుద్ధిని. కమాను పొడుగునా ఒకే నిండుదనం, దిశ మారేచోట అతుకు వినిపించకపోవడం, గమకం సన్నబడేచోట ఒత్తిడీ సన్నబడటం. పాడే గొంతుకు ఊపిరి ఎలాగో ఆయన ఫిడేలుకు కమాను అలాగ. ఈ బలంతోనే 1938లో వేలూరులో సోలో కచేరీ చేశారు. అప్పటికి ఫిడేలు ఒంటరిగా వేదికెక్కడం వింత. 1941లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1952లో మద్రాసులో జస్టిస్ రాజమన్నార్ ఇంట్లో ఆయన వాద్యం విని పాశ్చాత్య ఫిడేలు విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ పులకించిపోయారు. బాఖ్‌నీ బీథోవెన్‌నీ నేర్చి పెరిగిన మనిషి మెనూహిన్! 1957లో ద్వారంకు పద్మశ్రీ వచ్చింది. 1964లో ఆయన కన్నుమూశారు.

జనం నోట ఆయన ఫిడేలు నాయుడుగారే. ఆయన 78 ఆర్‌పీఎం గ్రామఫోను రికార్డులు వినేవాళ్లు ముందు ఎడమచేతి గమకాల్ని వదిలేసి, ఒక్క కమాను మీదే చెవి పెట్టాలి. పక్కకు కొద్ది నిమిషాలే పట్టే ఆ రికార్డుల్లో ఆలాపన ఎక్కడా పరుగెత్తదు.