మగతనానికి పరీక్ష పెట్టిన మధురవాణి

పల్నాడు పౌరుషాన్ని కత్తితో కొలిచిన సీమ. కారెంపూడిలో ఈనాటికీ వీరుల ఆయుధాలకు పూజలు జరుగుతాయి. ఆ కథలు వింటూ పెరిగిన ప్రేక్షకుల ముందు ‘కన్యాశుల్కం’ ఆడితే, అందులో కత్తి పట్టినవాడు ఒక్కడూ కనబడడు. ఒకడికి చుట్టా, నాలుగు ఇంగ్లీషు ముక్కలూ; ఇంకొకడికి కోర్టు వ్యవహారం; మరొకడికి డబ్బు. గురజాడ అప్పారావు మగవాళ్ల చేతికిచ్చిన ఆయుధాలు ఇవే.

ఇబ్సెన్ ‘బొమ్మరిల్లు’ 1879లో కోపెన్‌హాగన్‌లో రంగస్థలమెక్కి, ఇంటి యజమాని పెద్దరికాన్ని అతని భార్య చేతే నిలదీయించింది. మన ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ప్రదర్శన పొంది, 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో పిల్ల తండ్రి డబ్బు పుచ్చుకుని చేసే కన్యాశుల్కం పెళ్లిళ్లు 1034 జరిగినట్టు లెక్క తేలిందని ఆయనే పీఠికలో చెప్పారు. కాటికి కాళ్లు చాపుకున్న లుబ్ధావధాన్లుకు పసిపిల్ల సుబ్బిని 1800 రూపాయలకు కట్టబెట్టడానికి సిద్ధపడ్డ అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో పులి. పెళ్లాం మాట చెల్లదు, కూతురి కన్నీరు చెల్లదు. కొనేవాడి మగతనం డబ్బు, అమ్మేవాడి మగతనం కోపం. చుట్టా, ఇంగ్లీషు ముక్కలూ ఉన్న గిరీశం వీళ్లిద్దరికంటే ప్రమాదకారి. వితంతువుల ఉద్ధరణ అనే మంచి మాటనే వలగా మార్చి, అగ్నిహోత్రావధాన్లు పెద్దకూతురు, వితంతువైన బుచ్చమ్మ మీద విసిరాడు.

ఈ డాంబికం ఎంత పల్చనిదో చూపడానికి గురజాడ ఉపన్యాసం పెట్టలేదు, మంచం వేశారు. గిరీశం మోసం చేసిన పూటకూళ్లమ్మ చీపురు పట్టుకొచ్చేసరికి, కోర్టు వ్యవహారాల రామప్పంతులూ గిరీశమూ ఇద్దరూ వేశ్య మధురవాణి మంచం కిందే ఉంటారు. వాస్తవిక నాటకానికి ఇంతకంటే మంచి పనితనం ఏముంటుంది? ఇంట్లో రోజూ కనబడే వస్తువు చాలు, పెద్దమనిషి పరువు నేలకు దిగిపోవడానికి.

నాటకంలో వేషాలు కూడా ఊరికే లేవు. కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధాన్లుకు అంటగడతాడు. ఆఖరి అంకంలో మధురవాణి మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి వెళుతుంది. ఈ రెండో వేషానికి మా గుంటూరు సీమ మరో పొర చేర్చింది. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు ఆ మధురవాణి పాత్ర వేశారు. మగవాడు ఆడదై, ఆ ఆడది మళ్లీ మగవాడై నిలబడాలి. పౌరాణికంలో స్త్రీ పాత్రకు పద్యం పెద్ద ఆసరా. రాగం మీద సగం పాత్ర నడిచిపోతుంది. ఇక్కడ ఉన్నది వాడుక మాటల వచనం. గొంతు సన్నం చేస్తే చాలదు. విసుగూ వెటకారమూ జాలీ ఒకే మాట విరుపులో పలకాలి. మగవేషం వేశాక ఎంత దాచాలో, ఎంత పైకి కనబడనివ్వాలో తెలియాలి. స్థానంవారిని తెలుగువాళ్లు సత్యభామగానే ఎక్కువ తలుచుకుంటారు. నా మట్టుకు, నటుడికి అసలు పరీక్ష మధురవాణి.

1955లో పి. పుల్లయ్య తీసిన సినిమాలో మధురవాణి సావిత్రి. ఆమెదీ ఈ సీమే, గుంటూరు జిల్లా చిర్రావూరు. తెనాలిలో వైద్యం చేసిన గోవిందరాజుల సుబ్బారావు లుబ్ధావధాన్లు. సావిత్రితో ఆ పాత్రకు ఆడదాని సొంత చూపు దక్కింది. అది చిన్న లాభం కాదు.

ఆఖరి అంకంలో సౌజన్యారావుతో మధురవాణి ఘట్టాన్నే మళ్లీ మళ్లీ చదువుతాను. ఆయన లంచం ఎరగనివాడు, వేశ్యల ముఖం చూడకూడదన్న నియమం ఉన్నవాడు. నాటకంలో నిజంగా మంచి మగవాడు ఆయనొక్కడే. లుబ్ధావధాన్లును హత్యానేరం నుంచి తప్పించడానికి తాను చేయబోయే సాయానికి మధురవాణి వెల అడుగుతుంది: ఒక ముద్దు. ఆయన తన నియమంతో పెనుగులాడి చివరకు ఒప్పుకుంటే, చెడనివాళ్లను చెడగొట్టొద్దన్న తల్లి మాట తలచుకుని ఆమే వద్దంటుంది. అంతవరకూ స్త్రీని దూరంగా పెట్టడమే శీలమనుకున్న మనిషికి, ఎదుట ఉన్న స్త్రీకీ శీలం ఉందని తెలిసొస్తుంది.

పూర్తిగా ఆడితే నాటకం గంటల తరబడి సాగుతుంది గనుక నాటక సమాజాలు కత్తెర వేయక తప్పదు. నవ్వులు పండే మంచం రంగం ఎలాగూ మిగులుతుంది. ఈ ఆఖరి ఘట్టాన్ని మాత్రం దయచేసి కుదించకండి.