వ్యాన్‌లో లిథియం: ఒక పెద్దాయన పనితనం

డెన్వర్‌లో ఉంటున్న మా బావ తన క్యాంపర్ వ్యాన్‌లో లెడ్ బ్యాటరీలు తీయించి లిథియం పెట్టించాడు. పని చేసినాయన ఒకప్పుడు పడవలకు వైరింగ్ చేసిన పెద్దాయన. బ్యాటరీ తీసి బ్యాటరీ పెట్టడం ఒక పూట పని. ఆయనకు రోజులు పట్టింది. దగ్గరుండి చూస్తే గాని ఎందుకో అర్థం కాలేదు.

పాతవి 100 ఆంపియర్ అవర్ల ఏజీఎం రకం లెడ్ బ్యాటరీలు రెండు. ఒక్కోటి దాదాపు 30 కిలోలు. సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి చేతికొచ్చేది 100 ఆంపియర్ అవర్లే. వాటి చోట 200 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒక్కటి వచ్చింది. బరువు సగంలోపే, నిల్వ మాత్రం చాలావరకు వాడుకోవచ్చు. ఈ రసాయనాన్ని బ్యాటరీకి పనికొచ్చేలా చూపించింది ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో జాన్ గుడినఫ్ బృందం. 1997లో వచ్చిన ఆ పరిశోధన పత్రం మీద గుడినఫ్‌తో పాటు పాఢి, నంజుండస్వామి అన్న మన దేశపు పేర్లూ ఉన్నాయి. ఫాస్ఫేట్ తన ఆక్సిజన్‌ను అంత తేలిగ్గా వదలదు. అందుకే మిగతా లిథియం రకాల కంటే ఇది నెమ్మదైనది, మనుషులు పడుకునే బండికి తగినది.

కరెంటు ఇవ్వడంలో మాత్రం దీనికి నెమ్మది లేదు. లోపలి నిరోధం చాలా తక్కువ. షార్ట్ అయితే వేల ఆంపియర్లు దూకుతాయి. మామూలు ఫ్యూజు కాలినా మధ్యలో మంట నిలిచి కరెంటు పారుతూనే ఉండొచ్చు. అందుకని బ్యాటరీకి జానెడు దూరంలోనే 20,000 ఆంపియర్లనైనా తెంచగల క్లాస్ టి ఫ్యూజు బిగించాడు. అదే కారణంతో ఆల్టర్నేటర్‌కూ కాపలా పెట్టాడు. లెడ్ బ్యాటరీ నిండేకొద్దీ తనంతట తనే తక్కువ తీసుకుంటుంది. లిథియం దాదాపు చివరిదాకా ఎంతిస్తే అంతా లాగుతుంది, ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు ఆల్టర్నేటర్ మాడిపోవచ్చు. ఆల్టర్నేటర్‌ను బ్యాటరీకి కలిపే పాత రిలే పీకేసి, 30 ఆంపియర్లకు మించనివ్వని డీసీ-డీసీ చార్జర్ పెట్టాడు. సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుంటుంది. డెన్వర్ చలి తెలిసినవాడు కాబట్టి బ్యాటరీని బండి కింది పెట్టెలోంచి తీసి లోపల మంచం కిందికి చేర్చాడు.

నేను ఎక్కువసేపు చూసింది కేబుల్ చివర్లకు లగ్గులు క్రింప్ చేయడం. తగరం పూత ఉన్న రాగి కేబుల్. లగ్గు గొట్టం ఎంత లోతుంటే అంతే పొడవు తోలు ఒలిచాడు, ఒక్క పోగు తెగలేదు. హైడ్రాలిక్ క్రింపర్‌తో ఆరు పలకలుగా నొక్కాడు. తర్వాత ఒక నమూనా లగ్గును హ్యాక్సా బ్లేడుతో అడ్డంగా కోసి నా చేతిలో పెట్టాడు. పోగులూ గొట్టమూ కలిసిపోయి ముద్ద రాగి కనిపించింది, సందు లేదు. టంకం వేయకూడదా అంటే, టంకం పోగుల్లోకి పాకి కేబుల్ బిరుసెక్కుతుందనీ, కుదుపులకు ఆ అంచు దగ్గరే విరుగుతుందనీ చెప్పాడు. టెర్మినల్ మీద ముందు లగ్గు, ఆపైనే వాషరు. మధ్యలో స్టీలు వాషరు పడితే కరెంటు దాని గుండా పోయి వేడెక్కుతుంది. ఎంతోమంది చేసే పొరపాటు ఇదే. టార్క్ రెంచితో బిగించాక నట్టు మీదుగా పెయింటు గీత గీశాడు. కుదుపులకు నట్టు కదిలితే గీత తప్పి కంటికే తెలుస్తుంది.

చివర ఇండక్షన్ స్టవ్ వేసి, 150 ఆంపియర్లు దాటి లాగుతుండగా ఒక్కో జాయింటుకు మీటరు పెట్టి చూశాడు. అన్నీ ఒకటి రెండు మిల్లీవోల్టులు. కేబుళ్లు కలిసే బస్‌బార్ దగ్గర ఒకటి మాత్రం తొమ్మిది. అక్కడ వృథా అయ్యేది ఒక వాటు పైచిలుకే, ఎవరైనా వదిలేస్తారు. ఆయన స్టవ్ ఆపి, మెయిన్ స్విచ్ తీసి, నట్టు విప్పి, లగ్గు ముఖాన్నీ బస్‌బార్‌నీ రుద్ది మళ్లీ బిగించాడు. ఈసారి రెండు చూపించింది. పాత గీత చెరిపి కొత్తది గీశాడు.